విశ్వవిద్యాలయ అధ్యాపకులకు బోధనా శిక్షణ తప్పనిసరి చేయాలా?

కొత్తపంతులు (చర్చ ప్రారంభం)

బడిలో పాఠం చెప్పాలంటే ఉపాధ్యాయ శిక్షణ ఉండాలి. విశ్వవిద్యాలయంలో చెప్పాలంటే పీహెచ్‌డీ ఉంటే చాలు. పీహెచ్‌డీ నేర్పేది పరిశోధన. నిండుగా ఉన్న తరగతిలో వెనక బెంచీవాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పడం, సరైన ప్రశ్నపత్రం తయారుచేయడం, వెనకబడుతున్న విద్యార్థిని పరీక్షలకు ముందే గుర్తించడం అందులో ఎక్కడా రావు. ఆ లోటుకు మూల్యం చెల్లించేది విద్యార్థులు.

స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్సు, ఇంజినీరింగ్, గణితం కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించింది. ఉపన్యాసంతోనే నడిచిన తరగతుల్లో తప్పినవారు సగటున 33.8 శాతం. విద్యార్థులే ఆలోచించి పనిచేసేలా నడిపిన తరగతుల్లో 21.8 శాతం. ఇంత తేడా ఉన్నప్పుడు దీన్ని ఎవరి ఇష్టానికో ఎలా వదిలేస్తాం? ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలోనే శిక్షణ తప్పనిసరి చేయాలంటాను. ఇష్టమున్నవాళ్లు రావచ్చంటే ఇప్పటికే శ్రద్ధగా చెప్పేవాళ్లే వస్తారు.

నల్లబల్ల

అంకెలతో నాకు పేచీ లేదు, ‘తప్పనిసరి’తోనే పేచీ. ఆ మాట అన్న మరుక్షణం శిక్షణ కాస్తా హాజరుగా మారిపోతుంది. పెద్ద హాలు, పొద్దున ఒక సంతకం, భోజనాల తర్వాత ఇంకొకటి, చివరి రోజు సర్టిఫికెట్, అక్కడి నుంచి నేరుగా పదోన్నతి ఫైల్లోకి. రసాయనశాస్త్రం, చరిత్ర, న్యాయశాస్త్రం చెప్పేవాళ్లందరినీ కలిపి కూర్చోబెడతారు. ప్రయోగం చేయించేవారి ఇబ్బంది వేరు, తీర్పును చదివి విడమరిచే వారి ఇబ్బంది వేరు. ఇద్దరికీ ఒకే స్లైడ్లు చూపిస్తే ఇద్దరికీ ఏమీ మిగలదు. పరిశోధక విద్యార్థి ఇచ్చిన అధ్యాయం బల్ల మీద ఎదురుచూస్తుండగా ఆ హాల్లో కూర్చోవడం నాకు నిజంగా కష్టం కలిగించింది.

చుక్కానిపట్టు

మీరిద్దరూ చెబుతున్నది శిక్షణ ఉండాలా వద్దా అని. అది ఎలాంటి శిక్షణ అన్నది నాకు అంతకన్నా ముఖ్యం.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ భౌతికశాస్త్రం చెప్పేవారు. విద్యార్థులు మెచ్చుకునేవారు, మార్కులూ బాగానే వచ్చేవి. 1990లో బలం, చలనం మీద చాలా మామూలు ప్రశ్నలతో ఒక పరీక్ష పెట్టారు. ఒక విద్యార్థిని లేచి, వీటికి మీరు చెప్పిన పాఠం ప్రకారం జవాబు రాయాలా, నేను మామూలుగా అనుకునే తీరులో రాయాలా అని అడిగింది. కఠినమైన లెక్కలు చేయగలిగినవాళ్లే ఆ ప్రశ్నల దగ్గర తడబడ్డారు. ఆయన పద్ధతి మార్చుకున్నారు: ప్రశ్న ఇవ్వడం, ఎవరికి వారు జవాబు ఎంచుకోవడం, పక్కవారితో వాదించడం, మళ్లీ ఎంచుకోవడం. ఆయనను మార్చింది హాల్లో విన్న ప్రసంగం కాదు, సొంత విద్యార్థుల జవాబుపత్రాలు. శిక్షణ అక్కడి నుంచే మొదలవ్వాలి.

గాజుకుప్పె

ఇంతసేపూ అధ్యాపకుల గురించే మాట్లాడుకున్నాం. ప్రయోగశాలలో, గ్రంథాలయంలో, పరీక్షల విభాగంలో పనిచేసేవాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు.

నేను ప్రయోగశాల టెక్నీషియన్‌ని. మా విభాగానికి కొత్త పరికరం వచ్చినప్పుడు కంపెనీవాళ్లు వచ్చి వాడకం నేర్పారు. ఆహ్వానం ఆచార్యులకే. పరికరాన్ని రోజూ శుభ్రం చేసి, అమరిక సరిచూసి, విద్యార్థుల చేత నమూనాలు పెట్టించేది నేను. మాన్యువల్ పట్టుకుని ఒంటరిగా నేర్చుకున్నాను. బ్రిటన్‌లో 2017లో ‘టెక్నీషియన్ కమిట్‌మెంట్’ మొదలైంది. చేరిన సంస్థలు టెక్నీషియన్లకు గుర్తింపు, ఉద్యోగంలో ఎదిగే దారి చూపిస్తామని మాట ఇస్తాయి. అలాంటి మాట అన్నిచోట్లా ఎందుకు ఇవ్వకూడదు?

కొత్తపంతులు

గాజుకుప్పె గారూ, మీ మాట న్యాయమైనది. శిక్షణకు కేటాయించే సొమ్ములో బోధనేతర సిబ్బంది వాటా విడిగా రాసిపెట్టాలి. కలిపి ఉంచితే వారిదాకా రాదు.

నల్లబల్ల గారూ, హాలు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇంకో దారి ఉంది. నోబెల్ పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ కొలరాడో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయాల్లో చేపట్టిన కార్యక్రమంలో, ఆ సబ్జెక్టు తెలిసిన, బోధన మీద తర్ఫీదు పొందిన నిపుణులను విభాగాల్లోనే నియమించారు. వాళ్లు అధ్యాపకుల పక్కన కూర్చుని ఒక్కో కోర్సును తిరగరాయించారు. దీన్ని తప్పనిసరి చేస్తే మీ అభ్యంతరం ఏమిటి?

నల్లబల్ల

అలాగైతే నేనే ముందు చేరతాను. అయితే రెండు షరతులు.

మొదటిది సమయం. కోర్సు మార్చుకోవడమంటే ప్రతి పాఠానికీ కొత్త ప్రశ్నలు రాసుకోవాలి. ఆ సెమిస్టర్‌కు ఒక కోర్సు భారం తగ్గించాలి.

రెండోది విద్యార్థుల అభిప్రాయ పత్రాలు. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల మీద ఒక అధ్యయనం వచ్చింది. చురుగ్గా పాల్గొన్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది, వాళ్లకు మాత్రం తక్కువ నేర్చుకున్నట్టు అనిపించింది. సాఫీగా సాగే ఉపన్యాసం వింటే అంతా అర్థమైనట్టే ఉంటుంది కదా. శిక్షణ పొంది పద్ధతి మార్చుకున్న అధ్యాపకుడికి మరుసటి సెమిస్టర్‌లో రేటింగ్ పడిపోవచ్చు. దాన్నే పదోన్నతికి కొలమానంగా పెడితే ఆయన పాత నోట్సుకే తిరిగి వెళతాడు. మార్చుకున్న తొలి ఏడాది ఆ పత్రాలను లెక్కలోకి తీసుకోకూడదు.

చుక్కానిపట్టు

రెండు షరతులూ సమంజసమే. మొదటిది లేకపోతే మిగతాదంతా కాగితం మీదే ఉంటుంది.

గంటలపంతులు

ఈ చర్చ చదువుతుంటే నా స్థానం ఇందులో ఎక్కడా కనబడలేదు. నాకు చెప్పిన పాఠానికి గంటల లెక్కన చెల్లిస్తారు. కోర్సు భారం తగ్గిస్తే నా ఆదాయం తగ్గుతుంది. శిక్షణ గంటలకు చెల్లింపు లేదు. వచ్చే సెమిస్టర్‌లో ఉంటానో లేదో తెలియదు కనుక నన్ను పంపడం దండగ అని విభాగం అనుకుంటుంది. కానీ మొదటి సంవత్సరం విద్యార్థులకు, అందరికన్నా ఎక్కువగా సహాయం కావలసినవాళ్లకు, పాఠం చెబుతున్నది మాలాంటివాళ్లమే. తప్పనిసరి చేయండి, నాకు సంతోషం. శిక్షణ గంటను కూడా పాఠం గంటగానే లెక్కకట్టి చెల్లించండి.

కొత్తపంతులు

నా ప్రతిపాదనలో మీ షరతును మొదటి వాక్యంగా చేరుస్తున్నాను. మిగిలినవి దాని తర్వాతే.