జమైకా ‘డీజే’కి తెలుగులో ఏం రాయాలి?

జమైకా గాయని కాఫీ మీద వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. మూలంలో ఒకచోట ఆమెను ‘డీజే’ అన్నారు, ఇంకోచోట ‘సింగ్జే’ అన్నారు. డీజే అని రాస్తే మనవాళ్లకు నిమజ్జనం బండి మీద పేర్చిన సౌండు బాక్సులే గుర్తొస్తాయి. ఏం రాయమంటారు?

> డీజే వద్దండీ. అక్కడ రికార్డులు వేసేవాణ్ణి సెలెక్టర్ అంటారు. మైకు పట్టుకుని ఆ సంగీతం మీద లయగా మాటలు దంచేవాడు డీజే, ఆ పని టోస్టింగ్. 1970లో యూ-రాయ్ అనే డీజే పాత పాటల వాద్యం మీద ఇలా టోస్టింగ్ చేసి జమైకాను ఊపేశాడు. పాటా, ఈ మాటలూ కలిపేవాళ్లు సింగ్జేలు. కాఫీ ఈ కోవే.

> ‘ర్యాపర్’ అంటే సరిపోదా గురువుగారూ?

> మనవడి పేరు తాతకి పెట్టినట్టుంటుంది. ర్యాప్‌కు ఇల్లయిన హిప్‌హాప్ కథను 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ నడిపిన పార్టీతో మొదలుపెడతారు కదా, ఆయన పుట్టింది జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోనే. కాఫీ 2018 పాట ‘టోస్ట్’ వినండి. పల్లవి నలుగురూ కలిసి పాడుకునేలా ఉంటుంది. చరణంలోకి వచ్చేసరికి రాగం పెద్దగా కదలదు, మాటలు డప్పు మీద పుల్ల ఆడినట్టు పడతాయి. జమైకా యాసలో ఇంగ్లీషు ‘హ్యావ్ టు’ కాస్తా ‘హాఫీ’ అయిపోతుంది. పల్లెల్లో ‘వెళ్ళాలి’ని ‘ఎల్లాల’ అన్నంత సహజంగా. ఇక ఆ పేరు, విందులో శుభం కోరుతూ గ్లాసెత్తే టోస్టూ ఈ టోస్టింగూ కలిసిన శ్లేషగానే నాకు వినిపిస్తుంది.

> హరికథలో వచనంలాంటిదా?

> కాదమ్మా. దాసుగారు పాట ఆపి వచనం చెబుతారు. ఇక్కడ రెండూ ఒకే ఊపిరిలో.

> నాదో మాట. మీ వ్యాసంలో ‘రిడిమ్’ అనే మాట వస్తే దాన్ని ‘లయ’ అని మాత్రం రాయకండి. పుట్టుక రిదమ్ అనే మాటే అయినా, అక్కడ రిడిమ్ అంటే ఒకసారి రికార్డు చేసిన వాద్యం. దాని మీద ఎవరి పాట వాళ్లు కట్టుకుంటారు. 1985 నాటి ‘స్లెంగ్ టెంగ్’ క్యాసియో కీబోర్డులో ముందే ఉన్న బీటుతో చేసింది, దాని మీద వందల పాటలొచ్చాయి. మా అమ్మమ్మ నాట్లప్పుడు “అదే వరసలో ఇంకోటి ఎత్తుకోవే” అనేది. ‘వరస’ చాలావరకు సరిపోతుంది. కాకపోతే మన వరస గొంతులో ఉంటుంది, వాళ్ల రిడిమ్ బేస్ గిటార్‌లో, డ్రమ్స్‌లో ఉంటుంది.

అందరికీ ధన్యవాదాలు. ‘సింగ్జే’ అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘మాటా పాటా కలిపి పాడే గాయని’ అని ఒక ముక్క రాస్తాను. రిడిమ్‌కి ‘వరస’ ఖాయం. ఇక పేరు సంగతి. ఈ గాయని అసలు పేరు మికేలా సింప్సన్. ఎండ మండిపోతుంటే బడిలో కాఫీ తాగిందని స్నేహితులు పెట్టిన పేరట ‘కాఫీ’. 2020 జనవరిలో పందొమ్మిదేళ్లకే ‘రాప్చర్’కు ఉత్తమ రెగే (జమైకాలో పుట్టిన సంగీత శైలి) ఆల్బమ్ గ్రామీ గెలిచింది. ఆ విభాగంలో అంత చిన్న వయసులో ఎవరూ గెలవలేదు. నా శీర్షికేమో ‘కాఫీకి గ్రామీ’. కొటేషన్లు పెట్టాలంటారా?

> పెట్టండి. లేకపోతే కుంభకోణం డిగ్రీ కాఫీకి వచ్చిందనుకుంటారు.