క్లాట్ మాక్ పరీక్షల్లో మార్కులు ఒకేచోట ఆగిపోయాయి, నిరుత్సాహంగా ఉంది

ప్రశ్న (విద్యార్థిని, విజయవాడ)

నేను ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతూ డిసెంబరులో జరిగే క్లాట్‌కు (జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్షకు) సిద్ధమవుతున్నాను. మొదట్లో 120కి యాభై చిల్లర వచ్చిన మాక్ (నమూనా పరీక్ష) మార్కులు వేసవి సెలవుల్లో డెబ్భై దాటాయి గానీ, అప్పటినుంచి ఏ మాక్ రాసినా 72కూ 77కూ మధ్యనే తిరుగుతున్నాయి. చదివే గంటలు పెంచినా మార్పు లేదు. మార్కులు చూసుకున్న రోజు మళ్లీ పుస్తకం తెరవబుద్ధి కావడం లేదు. మా బంధువుల పిల్లలందరూ ఎంసెట్ రాసినవారే కావడంతో, "లా చదవడానికి ఇంత అవస్థ ఎందుకు, లాసెట్ రాస్తే సరిపోదా?" అని ఇంట్లో అడుగుతున్నారు (లాసెట్ అంటే రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష). ఈ దశ దాటినవారు సలహా ఇవ్వగలరా?

మొదటి సమాధానం (లా విద్యార్థి)

మొత్తం మార్కును కాసేపు పక్కనపెట్టి, అది ఎలా వచ్చిందో చూడండి. ఒకరు వంద ప్రశ్నలు రాసి ఎనభై సరిగ్గా చేస్తే, తప్పుకు పావు మార్కు చొప్పున ఐదు పోయి 75 వస్తాయి. మరొకరు నూటపది రాసి ఎనభైరెండు సరిగ్గా చేసినా, ఇరవై ఎనిమిది తప్పులకు ఏడు మార్కులు పోయి అదే 75 వస్తుంది. మొదటివారికి వేగం కావాలి, రెండోవారికి నిదానం కావాలి. ఇద్దరూ "ఇంకో గంట చదువుతాను" అనుకుంటే ఇద్దరి మార్కులూ అక్కడే ఉంటాయి.

అందువల్ల తప్పిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాసుకోండి: ప్రశ్నలకు ముందిచ్చే ప్యాసేజీ అర్థం కాలేదా, విషయం తెలియదా, తొందరపడ్డారా? లీగల్ రీజనింగ్‌లో ఇంటర్ సివిక్స్ బాగా చదివినవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంటుంది: ప్యాసేజీలో ఇచ్చిన సూత్రాన్ని వదిలేసి, తమకు తెలిసిన చట్టం ప్రకారం జవాబు గుర్తిస్తారు. అక్కడ ప్యాసేజీ చెప్పిందే చట్టం.

కరెంట్ అఫైర్స్ సంగతి వేరు. 28 నుంచి 32 ప్రశ్నలు వచ్చే ఆ విభాగంలో విషయం తెలిస్తే జవాబుకు క్షణాలు చాలు, తెలియకపోతే ఎంత ఆలోచించినా రాదు. అక్కడ మిగిలిన నిమిషాలే లీగల్, లాజికల్ ప్యాసేజీలకు ఉపయోగపడతాయి. రెండు గంటల పరీక్షలో వేగం చాలావరకు అక్కడినుంచే పుడుతుంది. గణితంలో వచ్చేవి పది, పద్నాలుగు ప్రశ్నలే, అవీ పదో తరగతి స్థాయివే కాబట్టి దానిమీద నెలలు పెట్టనవసరం లేదు.

రెండో సమాధానం (క్లాట్ శిక్షకురాలు)

పై సలహా సరైనదే అయినా, మనసు బాగోలేని రోజున తప్పుల లెక్క తీయడం పుండును గోకినట్టే అవుతుంది. మాక్ రాసిన రోజు మార్కు మాత్రం చూసి, విశ్లేషణ మర్నాడు ఉదయం చేయండి. వారానికి ఒక మాక్‌ను పూర్తిగా విశ్లేషించుకోవడం, నాలుగు రాసి వదిలేయడంకంటే మేలు.

మరొక విషయం: అన్ని మాక్‌లూ ఒకే కాఠిన్యంతో ఉండవు. కఠినమైన పేపరులో వచ్చిన 74, తేలిక పేపరులో వచ్చిన 77 కంటే గొప్పది కావచ్చు కాబట్టి, అదే మాక్ రాసినవారిలో మీ స్థానాన్ని చూసుకోండి. క్లాట్ 2020 నుంచి క్లాట్ 2023 వరకు పేపర్లలో 150 ప్రశ్నలు ఉండేవి గనుక, ఆ పాత పేపర్ల మార్కులను ఇప్పటి 120తో నేరుగా పోల్చకూడదు.

ఊహించి జవాబు పెట్టడం గురించి చాలామంది పిల్లలను అనవసరంగా భయపెడతారు. నాలుగు ఐచ్ఛికాల్లో ఏమీ తెలియకుండా పెట్టినా సగటున నష్టం రాదు, లాభమూ లేనట్టే. కానీ రెండింటిని ఖాయంగా కొట్టివేయగలిగితే పెట్టడమే మంచిది.

మూడో సమాధానం (న్యాయవాది, విశాఖపట్నం)

అమ్మా, ఇంట్లోవారి మాటలో సగం నిజం ఉంది. లాసెట్‌ను చులకన చేయకండి. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, నెగిటివ్ మార్కులు లేవు. పైగా సగం ప్రశ్నలు న్యాయశాస్త్ర అభిరుచికి సంబంధించినవే కాబట్టి, మీ క్లాట్ చదువు వృథా పోదు. దానికీ దరఖాస్తు చేస్తానని అమ్మానాన్నలకు చెబితే ఇంట్లో ఒత్తిడి కొంత తగ్గుతుంది, మీకూ ఒక దారి ఉందన్న ధైర్యం వస్తుంది. అలాగే క్లాట్ ర్యాంకుతో సీట్లిచ్చే మా విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకు స్థానిక కోటా ఉంది. కిందటేడు ఆ కోటాలో ఏ ర్యాంకు వరకు సీట్లు వచ్చాయో చూసి, మీ లక్ష్యాన్ని దానితో సరిచూసుకోండి. అఖిల భారత ర్యాంకు ఒక్కదాన్నే చూస్తూ దిగులుపడుతున్న పిల్లలు మా దగ్గర చాలామందే ఉన్నారు.