‘ముందు అడుగేయ్’లో ఆ ఖాళీ ఎందుకు?

పాలకొండ: మానవశాస్త్రవేత్త టిమ్ ఇంగోల్డ్ 2004 వ్యాసం తెలుగు చేస్తున్నా. బూటు, కుర్చీ, చదునైన రోడ్డు మూడూ కలిసి పాశ్చాత్యుల పాదాన్ని నేలకు దూరం చేశాయంటాడు. వ్యాసం పైన గురజాడ గేయపాదం ఒకటి పెట్టాలి. ‘మందగించక ముందుకడుగేయ్’ అని నోటికొస్తోంది, ఎక్కడో తేడా కొడుతోంది. ఇంకోటి, ఆయన ‘వేఫేరింగ్’కి మాట కావాలి. ఊరు చేరడం కాదు, పోతూ పోతూ తెలుసుకోవడం. ‘నడక’ చాలదు.

బొబ్బిలి: ‘క’ లేదండీ. ‘ముందు అడుగేయ్’.

టెక్కలి: మాత్రలు (లఘువుకి ఒకటి, గురువుకి రెండు) చూడండి, ‘ముందుకడుగేయ్’ కూడా ఏడే. మరి తప్పేమిటి?

బొబ్బిలి: లెక్క ఏడే, విరుపు తప్పు. గురజాడ ఛందం ముత్యాలసరానికి 3+4 నడక. ‘మంద/గించక’, ‘ముందు/అడుగేయ్’. మీ ‘క’ చేరితే ‘ముందు/కడుగేయ్’, 3+4 నిలుస్తుంది గానీ మాట మధ్యలో విరుగుతుంది. చప్పట్లేసి చదవండి, రెండో చప్పట ‘క’ మీద పడుతుంది, ‘అడుగు’ మొదట కాదు.

రాజాం: ఉత్వసంధి నిత్యం కదా! ‘ముందడుగేయ్’ అనాలి.

బొబ్బిలి: అంటే ఆరు మాత్రలే మిగుల్తాయి. రెండో అడుగు పెట్టడానికి ‘అ’ ఉండాలి. విసంధి, అంటే సంధి చేయకుండా వదలడం, అక్కడ తెలిసి చేసిందే.

రాజాం: తెలిసి చేశాడని ఎలా చెప్తారు? ఆ తర్వాతి పాదం ‘వెనుకబడితే వెనకేనోయ్’కి పద్నాలుగు మాత్రలకి పదమూడే వస్తాయి. అదీ తెలిసే చేశాడా?

బొబ్బిలి: నాలుగో పాదం కురచైనా చెల్లుతుంది. వెనకబడ్డవాడి పాదం కురచగా ఉండటమే అందం.

టెక్కలి: ఇది మరీ లాగుడు.

ఆమదాలవలస: ‘వేయ్’లో వకారం పోయి ‘ఏయ్’ అయింది చూశారా, అచ్చం మన ఉత్తరాంధ్ర ‘ఎల్లు’, ‘ఏసీ’ లాగా.

రాజాం: కృష్ణా జిల్లాలోనూ అడుగేస్తారు. అన్నీ మనకే కట్టబెట్టకండి. సంధి తేల్చాలంటే గిడుగు వారినే అడగాలి. గురజాడకి విజయనగరంలో సహాధ్యాయి, పైగా సవర భాష చెవితో పట్టిన మనిషి.

ఆమదాలవలస: తప్పెటగుళ్ల బృందానికిచ్చి చూడండి. రొమ్ము మీద తప్పెట, రెండు చేతులూ దాని మీదే, కాళ్లకి గజ్జెలు. అడుగు తప్పితే గజ్జే చెప్పేస్తుంది, ఛందస్సు పుస్తకం అక్కర్లేదు.

టెక్కలి: ‘అడుగు’ అంటే పాదం, అంగ, కొలత, కుండ అడుగు, అన్నీ ఒక్క మాటలో. ఇంగోల్డ్‌కి తెలుగొచ్చుంటే సగం వ్యాసం మిగిలేది.

పాలకొండ: ‘క’ తీసేశాను. వేఫేరింగ్ సంగతి?

రాజాం: ‘బాటసారితనం’.

బొబ్బిలి: అది మనిషి గుణం, పని కాదు. ‘గతి’ చూడండి, నడకా అదే, లయా అదే. పై పాదంలో ‘మంచి గతమున’ ఉంది, గతం, గతి ఒక్క ధాతువే.

టెక్కలి: ‘గతి లేదు’ అన్నప్పుడో?