గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ల కంపెనీలో చేరుతున్నాను, ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి

కొత్త_ప్లానర్:
వచ్చే నెల గ్రాఫైట్ ఎలక్ట్రోడ్లు (ఉక్కు ఫ్యాక్టరీల ఆర్క్ ఫర్నేసుల్లో కరెంటు పంపి తుక్కు ఇనుము కరిగించే కడ్డీలు) చేసే కంపెనీలో ప్రొడక్షన్ ప్లానింగ్‌లో చేరుతున్నాను. చదివింది మెకానికల్. ఇంటర్వ్యూలో ఒకాయన "ఈరోజు కలిపిన ముద్ద ఎలక్ట్రోడై గేటు దాటేసరికి ఆర్నెల్లు పట్టొచ్చు" అన్నారు. అప్పట్నుంచీ అదే ఆలోచన. ఆర్నెల్ల తర్వాత ఎవరికేం కావాలో ఈరోజే ఎలా తెలుస్తుంది? ఇందులో పనిచేసినవాళ్లు, ఎలక్ట్రోడ్లు వాడినవాళ్లు ఉంటే చెప్పండి. అసలీ కంపెనీలు ఎక్కడ మొదలయ్యాయో కూడా తెలుసుకోవాలనుంది.

బట్టీ_పాతికేళ్లు:
ఆయన ఎక్కువేం చెప్పలేదు బాబూ. కాల్చిన పెట్రోలియం కోక్‌ని (ముడిచమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి పదార్థం) పొడి చేసి, జల్లించి, వేడి తారు పిచ్‌తో కలుపుతారు. ఆ ముద్దని ప్రెస్‌లోంచి కడ్డీలా నెడతారు. దాన్ని పచ్చి ఎలక్ట్రోడ్ అంటాం. ఇక్కడిదాకా రోజుల్లో అయిపోతుంది. అసలు కాలమంతా బేకింగ్ దగ్గర మొదలవుతుంది. ఎనిమిది వందల డిగ్రీల పైదాకా వారాల తరబడి, అంగుళం అంగుళం జరిగినట్టు వేడి పెంచాలి. పిచ్‌లోంచి ఆవిర్లు పోతాయి కదా, తొందరపడితే అవే లోపల్నించి చీల్చుకుని వస్తాయి. ఆవిర్లు పోయినచోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వాటిలోకి మళ్లీ పిచ్ ఎక్కించి, మళ్లీ కాలుస్తాం. ఆ తర్వాత గ్రాఫిటైజేషన్, అంటే కార్బన్‌ని గ్రాఫైట్‌గా మార్చడం: కరెంటు పెట్టి 2,500 నుంచి 3,000 డిగ్రీల దాకా. టన్నుకి మూడు నాలుగు వేల యూనిట్ల కరెంటు తాగుతుంది. పాత పద్ధతి ఫర్నేస్ అయితే వేడెక్కడానికి పట్టే రోజులకంటే చల్లారడానికి పట్టే రోజులే ఎక్కువ.

నేను చేరిన కొత్తలో ఒక లోడ్‌కి వేడి కాస్త త్వరగా పెంచారు. బయటికి తీసినప్పుడు చూపుకి అన్నీ బాగానే ఉన్నాయి. పెద్దాయన ఒకరు సుత్తితో ఒక్కోదాన్నీ తట్టుకుంటూ పోయారు. మంచిది గంటలా మోగుతుంది. పగుళ్లున్నది చెక్కని కొట్టినట్టు పలుకుతుంది. వరసగా ఆ చప్పుడే వినబడుతుంటే మా అందరికీ నోట మాట రాలేదు. కొన్ని నెలల పని అక్కడే పోయింది.

చరిత్ర_చదువరి:
మొదలెక్కడ అన్నారు కాబట్టి. ఎడ్వర్డ్ గుడ్రిచ్ ఆచెసన్ అనే అమెరికన్ 1890ల్లో కరెంటు ఫర్నేస్‌లో కార్బొరండం (సానరాళ్లకు వాడే సిలికాన్ కార్బైడ్) చేసేవాడు. వేడి మితిమీరితే అందులో సిలికాన్ ఆవిరైపోయి శుద్ధమైన గ్రాఫైట్ మిగులుతోందని గమనించాడు. 1896లో పేటెంట్ వచ్చింది, 1899లో నయాగరా జలపాతం దగ్గర కంపెనీ పెట్టాడు. అక్కడే ఎందుకంటే అప్పుడప్పుడే జలవిద్యుత్ అక్కడ చవగ్గా దొరకసాగింది. బట్టీ గారు చెప్పిన యూనిట్ల లెక్క చూస్తే కారణం ఇట్టే అర్థమవుతుంది.

నాకు ఇంకా ఆసక్తిగా అనిపించేది నేషనల్ కార్బన్ కంపెనీ కథ. 1886లో క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. మొదట్లో వాళ్ల సరుకు వీధిదీపాల ఆర్క్ లాంపుల్లో పెట్టే కార్బన్ కడ్డీలు. ఎలక్ట్రిక్ బల్బులొచ్చి ఆ దీపాలు ఆరిపోయాయి. కంపెనీ మాత్రం ఆరిపోలేదు. కార్బన్‌ని అచ్చుపోసి కాల్చే పనితనం చేతిలో ఉంది కాబట్టి డ్రై బ్యాటరీల్లోకి, మోటార్ బ్రష్‌లలోకి (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు), ఫర్నేస్ ఎలక్ట్రోడ్లలోకి వెళ్లింది. 1917లో యూనియన్ కార్బైడ్‌లో కలిసింది. 1928లో ఆచెసన్ కంపెనీ కూడా అదే గూటికి చేరింది. ఆ కార్బన్ వ్యాపారమే 1990ల్లో యూకార్‌గా విడివడి 2002లో గ్రాఫ్‌టెక్ అయింది. 1942 డిసెంబరు 2న షికాగోలో శాస్త్రవేత్త ఫెర్మీ బృందం నడిపిన మొదటి అణు రియాక్టర్‌లో పేర్చిన వందల టన్నుల గ్రాఫైట్‌లో కూడా నేషనల్ కార్బన్ సరుకుంది. అక్కడ చిక్కంతా గ్రాఫైట్‌లో మలినంగా ఉండే బోరాన్‌తో. చిటికెడు ఉన్నా రియాక్టర్‌ని నడిపే న్యూట్రాన్లని మింగేస్తుంది. ఎలక్ట్రోడ్‌కి సరిపోయే శుద్ధి అక్కడ చాల్లేదు.

మెల్ట్‌షాప్_నైట్‌షిఫ్ట్:
వాడేవాళ్ల తరఫు మాట నేను చెబుతా. మనిషి చేతులతో కౌగిలించుకోలేనంత లావు స్తంభాలు ఎర్రగా కాలుతూ దిగుతాయి, కింద తుక్కు ఇనుము కరుగుతుంది. మొన అరుగుతుంది, పక్కలు గాలికి మండి సన్నబడతాయి. టన్ను ఉక్కుకి సుమారు కిలోన్నర, రెండు కిలోలు పోతుంది. అరుగుదల ఎవరినీ బాధపెట్టదు. విరగడమే బాధ. తుక్కు ఒరిగి మీద పడితే ఒక్క క్షణంలో ఫట్. ముక్క లోపలి లోహంలో పడితే ఉక్కులో కార్బన్ పెరిగి ఆ హీటంతా (ఒక విడతలో కరిగించిన ఉక్కంతా) మళ్లీ సరిచేసుకోవాలి.

కొత్త_ప్లానర్ గారూ, మీ వాళ్లకి ఒక్క మాట చేరవేయండి: నిపిల్. రెండు ఎలక్ట్రోడ్లని కలిపే మర. విరిగినవాటిలో చాలాభాగం ఆ జాయింట్ దగ్గరే విరగడం నేను చూశాను. సగం తప్పు మాదే, మరలు గాలితో శుభ్రంగా ఊదకుండా బిగించేస్తాం. మిగతా సగం మర కోతలో ఉంటుంది.

కొనుగోళ్లు_చూసేవాడు:
2017 గుర్తుందా ఎవరికైనా? చైనాలో కాలుష్యం కారణంగా ఎలక్ట్రోడ్ ఫ్యాక్టరీలు కొన్ని మూతపడ్డాయి. అదే ఏడు అక్కడ అనుమతుల్లేని ఇండక్షన్ ఫర్నేసులు (వీటికి ఎలక్ట్రోడ్లు అక్కర్లేదు) ఆపించేశారు, ఆ ఉక్కు పని ఎలక్ట్రోడ్లు వాడే ఆర్క్ ఫర్నేసుల వైపు మళ్లింది. అంటే సరుకు తగ్గింది, గిరాకీ పెరిగింది. పైగా పెద్ద ఎలక్ట్రోడ్లకి కావాల్సిన నీడిల్ కోక్ (మేలురకం కోక్) చేసేవాళ్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, లిథియం బ్యాటరీల వాళ్లూ అదే కోక్‌కి పోటీకొచ్చారు. ధరలు కొన్ని నెలల్లోనే ఎన్నో రెట్లయ్యాయి. నేను పదేళ్లుగా ఎరిగిన సప్లయర్‌కి ఫోన్ చేస్తే "వచ్చే ఏడాది మాట్లాడదాం" అన్నారు. అందరం భయపడి గోడౌన్లు నింపుకున్నాం. 2019కి వచ్చేసరికి ధర కుప్పకూలింది. మేం నిల్వలు వాడుకుంటూ కూర్చున్నాం. ఖరీదైన కోక్ కొని సరుకు తయారీ మధ్యలో ఉన్న ఎలక్ట్రోడ్ కంపెనీలు ఇరుక్కుపోయాయి. ఇంత పొడుగు తయారీ కాలం అందరికీ దెబ్బే. కానీ కొరత వచ్చినప్పుడల్లా తయారీదారులు కూడబలుక్కుంటారేమోనన్న అనుమానం నాకు పోలేదు.

బట్టీ_పాతికేళ్లు:
ఆ మాట ఒప్పుకోను. 2017లో రాత్రీ పగలూ ఫర్నేసులు నడిపినవాళ్లలో నేనున్నాను. బేకింగ్‌ని తొందరపెడితే ఏమవుతుందో పైన చెప్పాను. గిరాకీ వచ్చిందని బట్టీ వినదు.

చరిత్ర_చదువరి:
2017 సంగతిలో మీరన్నదే నిజం కావచ్చు. కానీ 1990ల్లో కూడబలుక్కున్న మాట కోర్టు రికార్డుల్లోనే ఉంది. 1992 నుంచి 1997 దాకా పెద్ద ఎలక్ట్రోడ్ కంపెనీలు ధరలు, మార్కెట్లు పంచుకున్నాయి. అమెరికాలో యూకార్ 1998లో నేరం ఒప్పుకుని 11 కోట్ల డాలర్లు, జర్మనీకి చెందిన ఎస్‌జీఎల్ కార్బన్ మరుసటి ఏడు 13.5 కోట్ల డాలర్లు జరిమానా కట్టాయి. కొనేవాళ్ల అనుమానం ఊరికే పుట్టలేదండీ.

బట్టీ_పాతికేళ్లు:
అవును, అది జరిగింది. మా షాపులోనూ ఆ వార్త చదివి తల దించుకున్నాం. చెడ్డపేరు ఫర్నేస్ దగ్గర చెమటోడ్చేవాడికీ అంటింది.

బ్రష్_మెకానిక్:
ఎలక్ట్రోడ్ల మీదే మాట్లాడుతున్నారు, ఇదే కార్బన్‌లోంచి పుట్టిన చిన్న సరుకూ ఉంది. మోటార్ల కార్బన్ బ్రష్‌లు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు బాగా ఎత్తుకెళ్తే జనరేటర్ బ్రష్‌లు గంటల్లోనే పొడైపోయేవి. గ్రాఫైట్ తనంతట తానే జారుతుందని అనుకునేవాళ్లు. తీరా చూస్తే అది జారడానికి గాలిలో తేమ కావాలి. పైన పొడిగాలి. బ్రష్‌లో వేరే రసాయనాలు కలిపి ఆ చిక్కు తీర్చారు. మా వర్క్‌షాప్‌లోనూ గాలి మరీ పొడిబారిన రోజుల్లో బ్రష్ అరుగుదల పెరగడం కళ్లారా చూశాను.

కొత్త_ప్లానర్:
అందరికీ చాలా థాంక్స్. బట్టీ గారూ, మరి ప్లానింగ్ ఎక్కడ పట్టుకోవాలి? ఆర్నెల్ల ముందు ఆర్డర్ తెలియదు కదా.

బట్టీ_పాతికేళ్లు:
ఆర్డర్ని బట్టి మొదట్నించీ చేద్దామనుకుంటే కుదరదు. ఎక్కువగా పోయే సైజులు కాల్చి, మధ్యలో నిల్వ ఉంచుకుంటాం. మర కోయడం ఆఖరి పని, అది ఆర్డర్ చూసుకుని చేయొచ్చు. నైట్‌షిఫ్ట్ గారు చెప్పిన నిపిల్ సంగతి రాసిపెట్టుకోండి. దానికి మేలురకం కోక్ కావాలి, పిచ్ ఎక్కువసార్లు ఎక్కించాలి, కాబట్టి ఎలక్ట్రోడ్‌కంటే ఆలస్యంగా తయారవుతుంది. ముందు నిపిల్ లెక్క వేసి, తర్వాత ఎలక్ట్రోడ్ లెక్క వేయండి. యార్డ్ నిండా ఎలక్ట్రోడ్లుండి నిపిల్స్ లేక లారీలు ఆగిపోయిన రోజులు చూశాను.

ఇంకొకటి. పిచ్ కలిపేచోటికి వెళ్లిన రోజు నిండు చేతుల చొక్కా వేసుకోండి, మాస్క్ తీయకండి. పిచ్ పొడి చర్మానికంటుకుని ఎండలోకి వస్తే ఒళ్లు మండిపోతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే క్యాన్సర్ ముప్పు. స్నానం చేసే ఇంటికి బయల్దేరండి, పని బట్టలు ఇంట్లో ఉతికించకండి.