చేలోకి వేటకొచ్చే వాళ్ళ దగ్గర డబ్బులు తీసుకోవచ్చా?

కొండకింద రైతు:
మాది ఉదయగిరి వైపు, కొండ కింద నాలుగెకరాలు. ఈసారి రెండెకరాల్లో చెనక్కాయ వేశాం. కాయ ఊరే టైంకి అడవిపందులు దిగాయి. రాత్రి వచ్చి సాలుకు సాలు ముట్టెతో దున్నేసి పోతున్నాయి, పొద్దున చూస్తే చెట్లన్నీ తిరగబడి ఉంటాయి, నమిలేసిన పొట్టు తప్ప కాయ ఉండదు. నాన్న చేను చుట్టూ పాత చీరలు కట్టాడు. నాలుగు రోజులు భయపడ్డాయి, అయిదో రోజు చీర కింద నుంచే దూరాయి.

ఇప్పుడు సంగతేంటంటే, టౌన్ నుంచి ఒక అయిదుగురు వచ్చారు, కుక్కలున్నాయి, వలలున్నాయి, ఒకాయన దగ్గర తుపాకీ కూడా ఉందంట. రాత్రికి రెండు వేలిస్తాం, మీ చేలోకి రానివ్వండి, పందుల సంగతి మేం చూసుకుంటాం అంటున్నారు. మా బావ టెక్సస్‌లో ఉంటాడు, అక్కడ భూమి ఉన్నోళ్ళు ఇలా తీసుకోవడం మామూలే అంటాడు. నాన్నేమో డబ్బులెందుకు, ఊరికే రానిద్దాం, చేను మిగిలితే చాలంటాడు. తీసుకుంటే తప్పా?

పామూరోడు:
తీసుకో అన్నా. పంది తిన్న చెనక్కాయకి ఎవడిస్తాడు డబ్బులు? అర్ధరాత్రి నీ చేలో ఎవరున్నారో చూసేదెవరు?

కోర్టు గుమాస్తా:
పై ఆయన మాట వినొద్దు. రెండు వేల సంగతి తర్వాత, అసలు వేటే నేరం. 1972 వన్యప్రాణి చట్టం 9వ సెక్షన్ చూడండి. 2022లో సవరించి 2023 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్న, వేటాడకూడని జంతువుల జాబితాలో అడవిపంది రెండో షెడ్యూల్లో ఉంది. మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పట్టా నీ పేరున ఉన్నంత మాత్రాన పంది నీది కాదు, చచ్చిన పంది కూడా సర్కారు ఆస్తే. వేటకి సాయపడినా వేటాడినట్టే లెక్క, కాబట్టి మీ నాన్న ఊరికే రానిచ్చినా చిక్కే, నువ్వు డబ్బులు తీసుకుంటే మరీ చిక్కు, ఎందుకంటే తెలిసే రానిచ్చావని ఆ రెండు వేలే సాక్ష్యం చెబుతాయి.

దారి లేకపోలేదు. పంటకి నష్టం చేసే జంతువైతే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన ఆఫీసర్ గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఫోటోలు తీసి, అర్జీ రాసి ఫారెస్ట్ ఆఫీసులో ఇవ్వు.

కావలి టు డాలస్:
మీ బావ చెప్పింది నిజమే గానీ సగమే చెప్పాడు. ఇక్కడ టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటే. జింకల సీజన్‌కి ఎకరాకింతని, లేదా తుపాకీకింతని లీజుకిస్తారు. పందులైతే ఈ దేశానివి కావు, బయటి నుంచి వచ్చి పెరిగినవి, అందుకే ఏడాది పొడుగునా కొట్టొచ్చు, 2019 నుంచి భూమి యజమాని ఒప్పుకుంటే లైసెన్సు కూడా అక్కర్లేదు. కానీ జింక ఇక్కడా యజమానిది కాదు, జనానిది. ఆయన అమ్ముకునేది గేటు దాటే హక్కు మాత్రమే. నా మట్టుకు అది న్యాయమే, కంచె వేసేదీ పన్ను కట్టేదీ ఆయనే కదా. ఇంకో మెలిక ఉంది. చాలా రాష్ట్రాల్లో ఊరికే రానిస్తే ఎవరికైనా దెబ్బ తగిలినా యజమాని మీద బాధ్యత తక్కువ, డబ్బులు పుచ్చుకుంటే పెరుగుతుంది. ఇదంతా ఇక్కడి లెక్క, ఉదయగిరికి మోసుకొస్తే పని చేయదు.

కోవూరు కయ్యలు:
మా వైపు లెక్క తిరగేసి ఉంటుంది, వేటకొచ్చిన వాళ్ళకి మనమే ఇస్తాం! వరి పొట్ట మీదున్నప్పుడు ఎలుకలు పట్టే యానాదుల్ని పిలుస్తాం. కుండలో గడ్డి పెట్టి బొరియలోకి పొగ ఊదుతారు, ఇంకో బొక్క దగ్గర ఒకాయన చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు, ఎలుక బయటికి రావడం ఆలస్యం, పట్టేస్తాడు. కోతలయ్యాక తవ్వితే బొరియలో దొరికే వెన్నులు కూడా వాళ్ళకే. ఎరువు కోసం చేలో గొర్రెల మంద కట్టిస్తే కాపరికీ రాత్రికింతని మనమే ఇస్తాం. మనకి పని జరిగేటప్పుడు ఎదుటోడి దగ్గర వసూలు చేయడమేంటి?

పొదిలి మెట్ట:
మా పక్క చేనాయన రెండేళ్ళ కింద ఇలాగే డబ్బులు తీసుకుని రానిచ్చాడు. వాళ్ళు పంది కొరికితే పేలే నాటుబాంబులు పెట్టి, ఒకటి ఏరకుండా మర్చిపోయారు. మూడో రోజు మా ఆవు గడ్డితో పాటు దాన్ని కొరికింది. దవడ లేచిపోయింది. పాలిచ్చే ఆవు, నీళ్ళు కూడా తాగలేక నాలుగు రోజులు ఉండి చచ్చిపోయింది. ఫోన్ చేస్తే ఆ వేటగాళ్ళు మేం రానేలేదన్నారు, ఆయనేమో నాకేం తెలుసన్నాడు. ఇప్పటికీ మా రెండిళ్ళకీ మాటల్లేవు. నువ్వు తీసుకునే రెండు వేలల్లో పక్కోడి గొడ్డు కూడా ఉందని గుర్తుపెట్టుకో.

కొండకింద రైతు:
ఆవు సంగతి నాన్నకి చదివి వినిపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆయనే వాళ్ళకి ఫోన్ చేసి వద్దన్నాడు. "పక్క చేనాయన వెయ్యికే ఒప్పుకున్నాడులే" అని పెట్టేశారు! రేపు ఆయనతో మాట్లాడాలి. ఫారెస్ట్ ఆఫీసుకి అర్జీ, ఫోటోలు ఇచ్చొచ్చాను, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకున్నా. పందులు నిన్న రాత్రి కూడా వచ్చాయి. మంచె మీద నేనూ నాన్నా రెండింటి దాకా డబ్బా కొట్టాం, తెల్లారుజామున కన్ను మూతపడగానే తూర్పు గట్టున రెండు సాళ్ళు పోయాయి.