అప్‌డేట్: ద్రవ హీలియంలో ధ్వనితో బుడగ పుడుతుందా?
2.17 కెల్విన్ (సుమారు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్) కంటే చల్లబడిన ద్రవ హీలియం బుడగలు లేకుండా పైతలం నుంచే ఆవిరవుతుంది కదా, మరి ధ్వని తరంగంతో అందులో బుడగ పుట్టించవచ్చా అని పోయిన వారం అడిగాను. పుట్టించవచ్చట!

నా తికమకంతా ఒక్కచోటే. వేడికి మరగడం వేరు, లాగితే చీలడం వేరు. పీడనం పడిపోయే దశలో తరంగం ద్రవాన్ని లాగుతుంది. మామూలు నీటిలో కరిగిన గాలి, నలుసులు ఉంటాయి కాబట్టి బుడగ తేలికగా మొదలవుతుంది. హీలియంలో ఆ సాయం లేదు, ఆ చలికి మిగతావన్నీ గడ్డకట్టుకుపోతాయి. అందుకే పీడనాన్ని సున్నాకు కిందికి, సుమారు మైనస్ 9 బార్ల దాకా లాగాలి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). ఒక్క ఎలక్ట్రాన్ చేరితే మాత్రం కథ మారిపోతుంది. అది తన చుట్టూ 2 నానోమీటర్ల వ్యాసార్థంతో గూడు కట్టుకుంటుంది, ఆ గూడు మైనస్ 2 బార్ల దగ్గరే ఉబ్బిపోతుంది. నాకు బాగా నచ్చింది ఇదే.

హీలియం మనకెక్కడ దొరుకుతుంది? చెవికి వినబడని ధ్వనితో కళ్లద్దాలు కడిగే అల్ట్రాసోనిక్ తొట్టిలో నీళ్లు పోసి, వంటింటి అల్యూమినియం రేకు వేలాడదీశాను. కొన్ని నిమిషాల తర్వాత దీపానికి ఎదురుగా పట్టుకుంటే సూదితో పొడిచినట్టు చిల్లులు, చుట్టూ ముడతలు. బుడగలు కూలిన గుర్తులు.