వాలు స్థలంలో వాన నీటిని ఎక్కడ ఆపాలి?

ప్రశ్న (గుట్టపక్క):
అనంతపురం శివారులో గుట్టను ఆనుకొని ఉన్న మా రెండెకరాల భూమిలో ఇళ్ల స్థలాలు వేయాలనుకుంటున్నాము. పై గట్టు నుంచి కింది గట్టుకు వంద మీటర్ల దూరంలో ఆరు మీటర్ల వాలు ఉంది. పైభాగంలో జానెడు ఎర్రమట్టి తీస్తే బండ తగులుతుంది. కింది మూలలో మాత్రం గరుసు లోతుగా ఉంది. దిగువన ఒకరి చీనీ (బత్తాయి) తోట, దాని అవతల ఒక వంక (వాగు) ఉన్నాయి. రోడ్డు పక్కన పెద్ద సిమెంటు కాలువ కట్టి నీటిని వంకలోకి వదిలేయమని ఒకరు, ఇంటికొక ఇంకుడు గుంత చాలని మరొకరు, కింద కుంట తవ్వమని ఇంకొకరు చెబుతున్నారు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి ఊళ్లో కాలనీలు మునగడం చూసినందువల్ల మొదటి సలహా నాకు మింగుడుపడడం లేదు. వీటిని ఏ లెక్కన పోల్చుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (పాతకొలత):
మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కదా అని చాలామంది ధీమాగా ఉంటారు కాని, కాలువను తెంపేది ఏడాది మొత్తం కాదు, అరగంట కుండపోత. గంటకు 60 మిల్లీమీటర్ల చొప్పున వాన పడిందనుకుందాం. బీడు నేల మీద అందులో 35 శాతం పారుతుందనుకుంటే, మీ రెండెకరాల నుంచి సెకనుకు సుమారు 47 లీటర్లు దిగుతాయి. కప్పులు, రోడ్లు వచ్చాక పారే వాటా 70 శాతానికి చేరితే అది 95 లీటర్లకు దగ్గరవుతుంది. పెరిగిన ఆ నీటిని అరగంట పాటు ఆపాలంటే దాదాపు 85 వేల లీటర్ల చోటు కావాలి. అంటే పది మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు, మీటరుంబావు లోతు గల కుంట. గుట్ట మీది నీరు కూడా మీలోకి దిగుతుంటే ఈ లెక్క చాలదు కాబట్టి, ముందుగా పై గట్టు వెంట అడ్డంగా కాలువ తీసి ఆ నీటిని పక్కకు మళ్లించండి. కుంట అడుగున చిన్న గొట్టం పెట్టి నీటిని మెల్లగా వదలాలి. మరుసటి వానకు నిండుగా ఉన్న కుంట ఉన్నా లేనట్టే. రోడ్డు పక్క కాలువకు కడప బండలు పరిస్తే చూడముచ్చటగా ఉంటుంది కాని, ఇంత వాలులో ఆ నునుపు మీద నీరు ఇంకా ఉరుకుతుంది. గరుకు రాళ్లతో మెట్లు మెట్లుగా దింపడమే నయం.

జవాబు (గరుసునేల):
ఇంటికొక ఇంకుడు గుంత అన్న సలహాను పరీక్ష చేయకుండా ఒప్పుకోవద్దు. గుంత తవ్వి, ఒక రోజంతా నీటితో నానబెట్టి, మళ్లీ నింపి గంటగంటకూ కర్రతో కొలవండి. చదును చేసిన స్థలాల మధ్య కట్టే రాతి గోడల వెనుక మాత్రం గుంత వద్దే వద్దు. అక్కడ ఇంకిన నీరు గోడను ముందుకు తోస్తుంది. గోడలో నీరు కారే రంధ్రాలు వదిలి, వెనుక కంకర నింపించండి. ఇంకొక మాట, ఇళ్ల పని ముగిసే దాకా గుంతలు తెరవకండి. తవ్విన ఎర్రమట్టి ఒక్క వానకు కొట్టుకొచ్చి వాటిని పూడ్చేస్తుంది.

జవాబు (చీనీతోట):
మాదీ ఇలాంటి దిగువ తోటే. పై భూమి నీరు సహజంగా పారి వస్తే కింది రైతు రానివ్వాలన్నది 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలోనే ఉంది. చెల్లాచెదురుగా వచ్చే ఆ నీటిని ఒక్క గొట్టంలోకి చేర్చి మా గట్టు మీద వదిలితే అది సహజమైన పారకం ఎలా అవుతుంది? నీళ్లు నిలిచిన చీనీ చెట్టుకు వేరుకుళ్లు పట్టడానికి ఎంతో కాలం పట్టదు. గొట్టం నీరు ఎక్కడ బయటికి వస్తుందో ఆ రైతుకు ముందే చూపించండి.

ప్రశ్న అడిగినవారు (గుట్టపక్క):
అందరికీ కృతజ్ఞతలు. రెండు చోట్ల తవ్వి చూశాము. కింది మూల గుంతలో గంటకు నాలుగంగుళాలు ఇంకింది. పై గుంతలో రాత్రంతా గడిచినా అర అంగుళం దిగలేదు, తెల్లవారేసరికి అందులో కప్ప కూర్చొని ఉంది. అందువల్ల ఇంకుడు గుంతలు కింది వరుస స్థలాలకే పెట్టి, మూలలో కుంట తవ్వి, పైన అడ్డకాలువ తీయాలని నిర్ణయించాము. తోట రైతును ఆదివారం స్థలానికి రమ్మన్నాను.